ఎండలో ఆరని రంగు

(రాజమహేంద్రవరంలో చిత్రకళ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక చిత్రకారిణి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

"మీరు ఆరుబయట కూర్చుని ఆయిల్ పెయింటింగ్ వేస్తారు కదండీ, దాని గురించి చెప్పండి చాలు" అని నన్ను పిలిచారు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా అని సరేనన్నాను. తీరా రాత్రి కాగితం ముందేసుకుని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అందుకని నిన్న పొద్దున జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

నిన్న ఐదున్నరకల్లా కోటిలింగాల రేవులో ఉన్నాను. ఎర్రనీరు వచ్చి మూడు రోజులైంది. ఎర్రనీరంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వేసవంతా ఇసుక తిన్నెల మధ్య పచ్చగా, పల్చగా పారిన గోదారి, ఎగువన వానలు పడగానే రంగు మార్చేస్తుంది. ఊరంతా పులస ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటుంది. నాకు మాత్రం టెన్షన్ మొదలవుతుంది. ఇంకో నాలుగు రోజులాగితే వరద పెరిగి రేవు మెట్లు మునిగిపోతాయి, నిలబడడానికి చోటుండదు. ఈలోపలే వేసుకోవాలి.

స్టాండు నిలబెట్టి, పది బై పన్నెండు అంగుళాల బోర్డు బిగించి, నీళ్ళ భాగమంతా గబగబా ఎరుపు పూసేశాను. ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, కొంచెం తెలుపు. బుర్రలో ఎర్రనీరు అన్న మాట ఉంది కదా, కళ్ళు ఆ మాటనే చూశాయి. కాసేపటికి వెనకాల ఎవరో వచ్చి నిలబడ్డారు. వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన. కాసేపు చూసి, "అమ్మా, అవతల అంత ఎర్రగా లేదు కదమ్మా. ఎరుపంతా మన కాళ్ళ దగ్గరే. కొవ్వూరు వైపు మబ్బులాగుంది చూడు" అన్నాడు.

కళ్ళు సగం మూసి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మన కాళ్ళ దగ్గర నీళ్ళలోకి పైనుంచి చూస్తాం కాబట్టి లోపలున్న మట్టి కనబడుతుంది. దూరంగా ఉన్న నీళ్ళని ఏటవాలుగా చూస్తాం. అక్కడ మట్టి కనబడదు, ఆకాశం కనబడుతుంది. నిన్న ఆకాశం ముసురు పట్టి ఉంది. అందుకే అవతలి ఒడ్డు కింద నీళ్ళు ఊదా కలిసిన బూడిద రంగులో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి నేను చెబుతున్న పాఠమే ఇది. అయినా నిన్న నాకు ఆయన చెప్పాల్సి వచ్చింది.

రంగులు కలిపే చాకు, పాలెట్ నైఫ్ తీసుకుని పై సగం గీకేశాను. ఆ రంగు వేసి అప్పటికి నలభై నిమిషాలైంది, అయినా వెన్నలా లేచి వచ్చింది. గీకిన చోట పల్చటి ఎర్ర పొర మిగిలింది. అల్ట్రామెరైన్ నీలం, తెలుపు, చిటికెడు ఆలిజరిన్ ఎరుపు కలిపి, వెడల్పు బ్రష్షుతో ఆ పొర మీద అడ్డంగా ఒక్కసారి లాగాను. కింది ఎరుపు పైకి తగిలీ తగలనట్టు వచ్చింది. నీళ్ళ మీద మబ్బు నీడ పడ్డప్పుడు అడుగున మట్టి ఉందని మనకి ఎలా తెలుస్తుందో అలాగే తెలుస్తోంది. ఆ ఒక్క గీత కోసమే నిన్న వెళ్ళానేమో అనిపించింది. పెద్దాయన "ఇప్పుడు సరిపోయింది" అని వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. నలభై నిమిషాల తర్వాత కూడా రంగు తడిగా ఉంది. ఇంకా నా మాట వింటోంది.

మన దగ్గర ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆరుబయట పనికి వాటర్ కలరే అనువు, ఆయిల్ అనేది గదిలో తీరిగ్గా కూర్చుని వేసేది అని. చల్లటి దేశాల్లో అది కొంతవరకు నిజం కావచ్చు. మన వైశాఖ మాసపు ఎండలో వాటర్ కలర్‌తో కూర్చుని చూడండి. ఆకాశానికి పూత పూసి, రెండోసారి బ్రష్షు ముంచుకుని వచ్చేలోపల మొదటి పూత అంచు ఆరి గీత పడిపోతుంది. ఆక్రిలిక్ సంగతి ఇంకా కష్టం. రంగులు కలుపుకునే పలక, పాలెట్ మీదే తొక్క కట్టి, బ్రష్షు వెంట్రుకల్లో గట్టిపడిపోతుంది. వాటర్ కలర్‌ని తక్కువ చెయ్యడం లేదు, దాన్ని లొంగదీసుకున్నవాళ్ళంటే నాకు చాలా గౌరవం. కానీ మన ఎండకి తట్టుకునే రంగు ఆయిలే అని నేను గట్టిగా నమ్ముతాను.

కారణం సులభం. వాటర్ కలర్‌లోనూ, ఆక్రిలిక్‌లోనూ ఉన్న నీళ్ళు ఆవిరైపోతాయి. ఎండ, గాలి ఉంటే ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. ఆయిల్ రంగులో ఉండేది అవిసె నూనె. అది ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్ని పీల్చుకుని మెల్లమెల్లగా గట్టిపడుతుంది. ఆ పని కొన్ని గంటల్లో అయ్యేది కాదు, రోజులు పడుతుంది. ఎండలో ఉంటే మహా అయితే రంగు ఇంకొంచెం మెత్తబడి జారుతుంది, అంతే. వెలుతురు పరుగెడుతుంటే, చేతిలోని రంగు మాత్రం నిలిచి ఉంటుంది. వేసింది తప్పయితే గీకెయ్యచ్చు, పక్క రంగులోకి లాగచ్చు, వేలితో అద్దచ్చు.

వెలుతురు పరుగు గురించి కూడా చెప్పాలి. ఫ్రాన్సులో క్లోడ్ మోనే అనే చిత్రకారుడు గడ్డివాములని 1890, 91 ల్లో వరసగా వేశాడని మీరు చదువుకునే ఉంటారు. వెలుతురు మారగానే ఒక కాన్వాసు పక్కన పెట్టి ఇంకోటి అందుకునేవాడు. నేను చదువుకునే రోజుల్లో అదే పద్ధతి ఇక్కడ చెయ్యబోయి చాలా నిరాశపడ్డాను. బంగారు వెలుగు వచ్చింది కదా అని రంగులు పిండుకునేలోపల అది పోయేది. నాకే చేతకావడం లేదనుకున్నాను. తర్వాత ఎప్పటికో అర్థమైంది. మోనే ఊరు దాదాపు 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మనం 17 దగ్గర ఉన్నాం. అక్కడ సూర్యుడు నేలని రాసుకుంటూ ఏటవాలుగా లేస్తాడు, నీరెండ చాలాసేపు ఉంటుంది. ఇక్కడ నిటారుగా పైకెక్కేస్తాడు. వేసవిలో ఎనిమిదిన్నర దాటితే నీడలు పొట్టివైపోతూ, అన్నీ తెల్లగా, చప్పగా కనిపిస్తాయి. వాళ్ళ పుస్తకాల్లో గంటల లెక్క మనకి పనికిరాదు.

మరి మనకేమీ లేదా అంటే, ఉంది. ఆషాఢ శ్రావణాల్లో మబ్బు పట్టిన రోజులున్నాయి. అప్పుడు మూడు గంటలైనా వెలుతురు మారదు. ధనుర్మాసంలో మంచు కురిసే పొద్దులున్నాయి, కాలువ గట్టు మీద తాటిచెట్లు ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ పోతాయి. బొమ్మలో దూరం చూపించడం నేర్చుకోవాలంటే అంతకన్నా మంచి బడి లేదు. బంగారు వెలుగు మీద మోజు తగ్గించుకుని నేను ఎక్కువగా మబ్బు రోజుల్లోనే పని చేస్తాను.

ఇక ఆయిల్ రంగులు బయటికెలా వచ్చాయో రెండు ముక్కల్లో చెబుతాను. పూర్వం రంగుని నూనెతో నూరి పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి అమ్మేవారు. ముల్లుతో గుచ్చి పిండుకోవాలి, మళ్ళీ మూయడం కష్టం. 1841 లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకి పేటెంటు తీసుకున్నాడు. మీ సంచిలో ఉన్న ప్రతి ట్యూబూ దాని వారసురాలే. అంతకుముందు బయట వేసినవాళ్ళు లేరని కాదు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ 1821, 22 ల్లో లండన్ పక్కన హాంప్‌స్టెడ్ గుట్ట మీద నిలబడి వట్టి మబ్బుల్నే ఆయిల్లో వేశాడు. వెనకాల తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీస్తోందో రాసిపెట్టుకున్నాడు. ఆ అలవాటు నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా బోర్డుల వెనక చూస్తే "ఉదయం 6.20, పడమటి గాలి, వాన రాబోతోంది" అని ఉంటుంది. పదేళ్ళ తర్వాత చదువుకుంటే ఆ గాలి మళ్ళీ ఒంటికి తగులుతుంది.

ఈ ఊళ్ళో నిలబడి చిత్రకారులు దామెర్ల రామారావు గారి పేరు ఎత్తకుండా ఉండలేను. 1897 లో ఇక్కడే పుట్టారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, ఆయన కూడా చిత్రకారుడే, కుర్రవాడిలోని ప్రతిభ కనిపెట్టి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలుకి వెళ్ళేలా ప్రోత్సహించారు. అక్కడ చదువుకుని సొంతూరికే తిరిగొచ్చారు. 1925 లో మశూచికం వచ్చి పోయారు, అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. ఆయన గ్యాలరీ మీకు నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. మొదటిసారి నేను పదిహేనేళ్ళ వయసులో మా నాన్నగారితో వెళ్ళాను. పెద్ద పెద్ద బొమ్మల కన్నా గోదారిని వేసిన బొమ్మల ముందే ఆగిపోయాను. రోజూ స్నానానికి వెళ్ళే ఏరు గోడ మీద ఉంది. మన ఏటిని కూడా బొమ్మ వెయ్యచ్చు అని నాకు తెలిసింది అక్కడే. ఇంకా చూడనివాళ్ళెవరైనా ఉంటే ఈ వారంలోనే వెళ్ళండి, దయచేసి.

సరే, పనిలోకి వద్దాం. మన రేవు తూర్పు ఒడ్డున ఉంది. పొద్దున నది వైపు తిరిగి నిలబడితే సూర్యుడు మీ వీపు వెనక లేస్తాడు. అంటే ఎండ నేరుగా మీ బోర్డు మీద పడుతుంది. కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ఎండ పడ్డ బోర్డు మీద ప్రతి రంగూ వెలిగిపోతూ కనిపిస్తుంది, అందుకని తెలియకుండానే ముదురు రంగులు కలిపేస్తారు. ఇంటికొచ్చి గదిలో చూసుకుంటే బొమ్మంతా మసిబారినట్టుంటుంది. కాబట్టి బోర్డూ పాలెట్టూ రెండూ ఒకే నీడలో ఉండాలి. గొడుగు తప్పనిసరి. ఎరుపూ నీలం గొడుగులు వద్దు, ఆ రంగు బోర్డు మీదకి దిగుతుంది. నాది మామూలు నల్ల గొడుగు. తెల్ల చీర కూడా కట్టుకోను, దాని మెరుపు తడి రంగు మీద పడుతుంది.

రంగులు ఆరు చాలు. టైటానియం వైట్, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా, ఆలిజరిన్ క్రిమ్‌సన్, అల్ట్రామెరైన్. నలుపు లేదు. ఆకుపచ్చ లేదు. ఆకుపచ్చ లేకుండా కోనసీమ ఎలా వేస్తారండీ అని అడుగుతారు. ట్యూబులో పచ్చ పెట్టుకుంటే కోనసీమ వెయ్యలేం అని నా జవాబు.

కాలువ గట్టున నిలబడి ఒకసారి నిదానంగా చూడండి. ఆకుమడి నిమ్మపండు పసుపుకి దగ్గరగా ఉంటుంది. ఊడ్పులైన పది రోజుల వరకూ చేనులో ఉండేది పచ్చదనం కాదు, ఆకాశం. నీళ్ళలో మబ్బులు, వాటి మీద సన్నగా ఆకు గీతలు. అరటి ఆకుకి వెనకనుంచి ఎండ పడితే అది దీపం పెట్టినట్టు పసుప్పచ్చగా వెలుగుతుంది, ముందునుంచి పడితే అదే ఆకు నీలంగా తెల్లబడుతుంది. కొబ్బరి మట్ట నున్నటిది, ఆకాశాన్ని అద్దంలా పట్టుకుంటుంది. మధ్యాహ్నం కొబ్బరితోటని కళ్ళు సగం మూసి చూస్తే సగం ఆకులు వెండి రంగులో ఉంటాయి. ఇన్ని పచ్చల్ని ఒక ట్యూబు ఇవ్వలేదు. పసుపూ నీలం కలిపి, ప్రతిసారీ కొంచెం ఎరుపు తగిలించాలి. ఎరుపు తగలని పచ్చ ప్లాస్టిక్ ఆకులా ఉంటుంది.

అందుకే బోర్డుకి ముందురోజే బర్న్ట్ సియెన్నాని టర్పెంటైన్‌లో బాగా పల్చన చేసి పూసి ఆరనిస్తాను. మా అమ్మమ్మ అరుగులకి జాజు పూసేది, సరిగ్గా ఆ రంగు. పైన పచ్చ వేసేటప్పుడు సందుల్లోంచి ఆ జాజు కనబడుతుంటే పచ్చకి ప్రాణం వస్తుంది. సియెన్నా, ఓకర్, మన జాజు, అన్నీ ఇనుము కలిసిన మట్టే. గోదారి ఎర్రనీళ్ళని నేను మట్టితోనే వేస్తున్నానని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పల్లెల్లో మూడు కాళ్ళ స్టాండు పాతితే జనం ఏమనుకుంటారో చెప్పనా? సర్వే అనుకుంటారు. ఒకసారి కోనసీమలో ఒక పంట కాలువ పక్కన మొదలుపెట్టానో లేదో, ముగ్గురు రైతులు గబగబా నడిచొచ్చారు. "భూములు కొలుస్తున్నారా అమ్మా? ఎవరు పంపారు?" అని. వాళ్ళ ముఖాల్లో నిజంగా భయం ఉంది. కాదండీ, బొమ్మ వేసుకుంటున్నాను అని బోర్డు తిప్పి చూపించాను. ఒకాయన దగ్గరికి వంగి చూసి, "ఇది మా పాకే. మరి మా గేదె ఏదమ్మా?" అన్నాడు. గేదె అప్పటిదాకా అవతల కాలువలో ఉందట. ఆయనే వెళ్ళి తోలుకొచ్చి పాక ముందు కట్టేశాడు. ఇక వెయ్యక తప్పలేదు. నీళ్ళలోంచి అప్పుడే లేచి వచ్చిన గేదె వీపు నల్లగా లేదు. తడి మీద ఆకాశం పడి నీలంగా మెరుస్తోంది. మూడు బ్రష్షు దెబ్బల్లో గేదె వచ్చేసింది. ఆ బొమ్మలో అందరూ మొదట చూసేది దాన్నే. ఆయన అడగకపోతే అది అక్కడ ఉండేది కాదు.

కష్టాలు లేవని చెప్పను. ఆరని రంగుతో వచ్చే పెద్ద కష్టం దాన్ని ఇంటికి తెచ్చుకోవడం. చాలా ఏళ్ళ కిందట, తడి బోర్డుని సంచిలో పెట్టుకుని కిక్కిరిసిన బస్సెక్కాను. మలుపులో సంచి ఒరిగి, పక్కనున్నావిడ పట్టుచీర అంచుకి నీలం రంగు అంటుకుంది. ఆవిడ పెళ్ళికి వెళ్తోంది. నేను వణికిపోతూ గుడ్డతో తుడవబోతే ఇంకా పాకింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, చీర కుచ్చెళ్ళు మార్చుకుని ఆ మరక లోపలికి మడుచుకుంది, అంతే. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే బాధే. ఆ మర్నాడే వడ్రంగి దగ్గరికెళ్ళి గాళ్ళున్న చెక్కపెట్టె చేయించుకున్నాను. నాలుగు తడి బోర్డులు ఒకదానికొకటి తగలకుండా అందులో నిలబడతాయి. మీరు రంగులకన్నా ముందు ఆ పెట్టె చేయించుకోండి.

గాలి సంగతి మర్చిపోకండి. ఏటిగట్టు మీద బోర్డు తెరచాపలాంటిది. స్టాండు మధ్యలో ఒక సంచి కట్టి అందులో రెండు ఇటుకలు వెయ్యండి. టర్పెంటైన్ని నదిలో పారబొయ్యకండి, అది మనం తాగే నీరు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది. అవిసె నూనె పీల్చిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేస్తే, నూనె గాలిని పీల్చుకుంటూ వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదముంది. మన ఎండల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీళ్ళు పోసిన డబ్బాలో వేసి మూత పెట్టండి.

ఫోనులో ఫోటో తీసుకుని ఇంట్లో ఫ్యాను కింద వేసుకోవచ్చు కదా అంటారు. ఫోటో తీసుకోండి, తప్పులేదు. కానీ ఫోటోలో రేవు మంటపం కింది నీడ ఒట్టి నలుపు. అక్కడ నిలబడ్డవాళ్ళకి తెలుసు, ఆ నీడలో కింద నీళ్ళనుంచి ఎగిరొచ్చిన వెలుతురు కదులుతూ ఉంటుంది, రాళ్ళు వెచ్చటి ఊదా రంగులో ఉంటాయి. అది కంటికి దొరుకుతుంది. మనం అక్కడ ఉంటేనే దొరుకుతుంది.

ఇంకో చిన్న ముచ్చట చెప్పి ముగిస్తాను. మోనే 1870 లో త్రూవిల్ సముద్రపు ఒడ్డున వేసిన ఒక బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని రంగులో ఇసుక రేణువులున్నాయి, ఆ రోజు గాలికి ఎగిరి పడ్డవి. వాన్ గో 1889 లో వేసిన ఆలివ్ చెట్ల బొమ్మ అమెరికాలో కాన్సస్ సిటీ మ్యూజియంలో ఉంది. 2017 లో దాన్ని భూతద్దంతో పరీక్షిస్తుంటే రంగులో ఇరుక్కున్న చిన్న మిడత కనబడింది. ఈ రెండు సంగతులూ చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎందుకంటే నా బొమ్మల్లోనూ ఇసుక ఉంది. వానాకాలం సాయంత్రాలు వేసిన వాటిలో రెక్కల పురుగులున్నాయి. మొదట్లో సూదితో ఓపిగ్గా తీసేసేదాన్ని. ఇప్పుడు తియ్యడం లేదు. గోదారి లంక ఇసుక లంక బొమ్మలోనే ఉండనిస్తున్నాను.

నిన్నటి బొమ్మ ఇదిగో, వెంట తెచ్చాను. దగ్గరికొచ్చి చూడండి, కానీ ముట్టుకోకండి, ఇంకా తడిగానే ఉంది. ఈ మూల కింద నీళ్ళ అంచు పూర్తి కాలేదు. అప్పటికి వాన మొదలైంది. రేపు మబ్బు ఇలాగే ఉంటే ఐదున్నరకి అదే మెట్టు మీద ఉంటాను. రాదలుచుకున్నవాళ్ళు రండి. రంగులు నా దగ్గర ఉన్నాయి, గొడుగు మాత్రం మీరే తెచ్చుకోండి.